కొండకు బట్టల ఖరీదు తెలియదు

రెండేళ్ల క్రితం, మార్చి ఎండింగ్ హడావుడి ముగిసిన వారంలో మా ఇంట్లో ఒక చిన్న సమావేశం జరిగింది. అజెండాలో ఒకటే అంశం: ఈసారి ఎల్‌ఎఫ్‌సీ మీద ఎక్కడికి వెళ్లాలి? మావారు పూరీ అన్నారు. పదో తరగతి పరీక్షలు రాసిన మా అమ్మాయి మంచు చూడాలంది. ఏడో తరగతి చదివే మా అబ్బాయి అక్క మాటే తన మాట అన్నాడు. చివరికి ఏప్రిల్ ఆఖరి వారంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్ ఖాయమైంది. డెహ్రాడూన్ నుంచి రోజంతా ప్రయాణం చేసి సాంక్రీ అనే పల్లె చేరాలి. అక్కడి నుంచి 12,500 అడుగుల శిఖరానికి కాలినడక.

ట్రెక్ నిర్వాహకులు తెచ్చుకోవలసిన బట్టల జాబితా పంపారు. అది పట్టుకుని ట్రెకింగ్ సామాన్లు అమ్మే ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. నలుగురికీ కలిపి లెక్క కడితే 68,000 రూపాయలు దాటింది. "టికెట్ల డబ్బు బ్యాంకు ఇస్తుంది సరే, బట్టల డబ్బు ఎవరిస్తారు? పైగా విజయవాడ ఎండల్లో ఈ జాకెట్లు మళ్లీ ఎప్పుడు వేసుకుంటాం?" అన్నారు మావారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ప్రయాణం దాదాపు రద్దయిపోయింది.

రద్దు కాకుండా ఆపింది నేను ఎంబీఏలో చదివిన ఒక పాత పాఠం. ఆ పాఠం మాకు ఎంత మిగిల్చిందో, దాన్ని సగం మరచిపోయినందుకు ఎంత పోయిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ వస్తువు చేసే పనేమిటి?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ముడిసరుకులకు కరువొచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో కొనుగోళ్లు చూసే లారెన్స్ మైల్స్ అనే ఇంజనీరుకు కావలసిన వస్తువు దొరికేది కాదు. అప్పుడాయన వస్తువు పేరు పక్కన పెట్టి, దాని పని గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇది ఏం పని చేస్తుంది? దీనికి ఎంత ఖర్చవుతోంది? అదే పని ఇంకేది చేయగలదు? దాని ఖర్చెంత? ఈ ప్రశ్నల్లోంచి వచ్చిందే వాల్యూ అనాలిసిస్ అనే పద్ధతి.

మర్నాడు ఆదివారం ఆ జాబితాను ముందు పెట్టుకుని ప్రతి వస్తువు పేరూ కొట్టేసి, పక్కన దాని పని రాశాను. జాబితా సగానికి సగం చిన్నదైంది. ఎందుకంటే కొండ మీద బట్టలు చేయవలసిన పనులు మూడే.

మొదటిది, ఒంటికి అంటుకుని ఉండే పొర. చెమటను చర్మం మీద నిలవనీయకుండా లాగి త్వరగా ఆరిపోవాలి. రెండోది, మధ్య పొర. ఒంటి వేడిని బయటికి పోనీయకుండా దాచాలి. నిజానికి దాచేది బట్ట కాదు, ఆ బట్ట పోగుల మధ్య చిక్కుకున్న గాలి. మూడోది, పై పొర. గాలినీ వాననూ లోపలికి రానీయకూడదు. ఒకే లావుపాటి కోటు ఈ మూడు పనులూ చేయలేదు. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, ఆగగానే చలి వేస్తుంది. పొరలైతే ఒకటి తీసి, ఒకటి వేసుకోవచ్చు.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ వాతావరణం సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. సాంక్రీ నుంచి శిఖరం దాదాపు 1,900 మీటర్లు ఎత్తు. అంటే కింద స్వెట్టరు చాలు అనిపించిన వేళకు పైన సుమారు 12 డిగ్రీలు తక్కువ ఉంటుంది. దానికి గాలి తోడు.

లేబుల్ చదవండి, ధర తర్వాత చూడండి

మన ఎండల్లో నూలు బట్టను మించింది లేదు. చెమటను పీల్చుకుని నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మేలు చేసే ఆ గుణమే చలి కొండ మీద కీడు చేస్తుంది. నూలు మామూలు వాతావరణంలోనే తన బరువులో 8 శాతం దాకా తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. పైగా నీరు, గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తడిసిన నూలు బట్ట వేసుకుని చలిగాలిలో నిలబడటమంటే చన్నీళ్ల తుండు కప్పుకున్నట్టే.

ఉన్ని తేమను పీల్చుకున్నా వెచ్చదనం చాలావరకు నిలుపుకుంటుంది. ఖరీదు ఎక్కువ, ఆరడం ఆలస్యం. పాలిస్టర్, నైలాన్, యాక్రిలిక్ చవక, తేలిక, త్వరగా ఆరతాయి. చెమట వాసన పట్టుకోవడం వాటి దోషం. నాలుగు రోజులు భరించవచ్చు.

ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఇదీ పాలిస్టరే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మాల్డెన్ మిల్స్ అనే సంస్థ దీన్ని తయారుచేసింది. ఆ సంస్థ పేటెంటు తీసుకోలేదు. అందువల్లే ఇవాళ డిస్కౌంట్ స్టోర్లలో 500 రూపాయలకు ఫ్లీస్ జాకెట్ దొరుకుతోంది. బ్రాండు గుర్తు లేనంత మాత్రాన దాని పోగుల మధ్య గాలి తక్కువ నిలవదు. చవక రకాల్లో జిప్పు బలహీనంగా ఉంటుంది, నాలుగు ఉతుకులకు పైన ఉండలు కడుతుంది. ఆ రెండూ చూసుకుని కొనాలి. ఫ్లీస్‌లోంచి గాలి దూరిపోతుంది కాబట్టి పైన ఇంకో పొర తప్పనిసరి.

లేబుల్ లేని సరుకు ఎలా గుర్తుపట్టాలి? మేం ఇంట్లో చేసిన పరీక్షలు ఇవి.

ఆరుదల పరీక్ష: రాత్రి బట్టను తడిపి, గట్టిగా పిండి, ఫ్యాను గాలి తగలని చోట ఆరేయండి. పొద్దున్నకు ఆరితే కొండకు పనికొస్తుంది.

ఊదుడు పరీక్ష: విండ్‌చీటరు బట్టను నోటికి ఆనించి ఊదండి. అవతలి చేతికి గాలి తగిలితే అది పై పొరగా పనికిరాదు.

నీటి పరీక్ష: పై పొర మీద చెంబుడు నీళ్లు పోసి, కుట్ల దగ్గర లోపలివైపు చూడండి. బట్ట ఆపిన వానను కుట్లు లోపలికి పంపిస్తాయి.

నిప్పు పరీక్ష: ఇది పెద్దవాళ్లే, బయట, ఒక్క దారప్పోగుతో చేయాలి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. ఈ పరీక్షే ఒక హెచ్చరిక కూడా. సింథటిక్ బట్టలతో చలిమంట దగ్గరా, స్టవ్ దగ్గరా జాగ్రత్తగా ఉండాలి. కరిగితే చర్మానికి అంటుకుంటాయి.

మేం కొన్నది

రెండు ఆదివారాలు బీసెంట్ రోడ్డూ, రెండు డిస్కౌంట్ స్టోర్లూ తిరిగాం. మనిషికి అయిన ఖర్చు ఇది.

పాలిస్టర్ టీషర్టులు రెండు: 400 రూపాయలు
త్వరగా ఆరే ట్రాక్ ప్యాంట్లు రెండు: 700
ఫ్లీస్ జాకెట్ ఒకటి: 500
థర్మల్స్ ఒక జత: 450
మంకీ క్యాప్, గ్లౌజులు, మఫ్లర్: 350
ఉన్ని కలిసిన సాక్స్ రెండు జతలు: 300

మొత్తం 2,700 రూపాయలు. నలుగురికి 10,800. బూట్ల దగ్గర వెనకాడలేదు. జతకు 2,500 చొప్పున 10,000 అయింది. లావుపాటి జాకెట్లు, మంచు మీద జారకుండా బూట్లకు తగిలించుకునే మైక్రోస్పైక్స్ సాంక్రీలోనే అద్దెకు దొరుకుతాయి. వాటికి 3,200. ఏడాదికి ఒకసారి వాడే బరువైన వస్తువును సొంతం చేసుకోవడం కంటే అద్దెకు తీసుకోవడం మేలని బ్యాంకు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక రెయిన్‌కోట్లు. జాబితాలో మంచి పోంచో తెచ్చుకోమని రాసి ఉంది. పోంచో అంటే తలమీంచి వేసుకుంటే వీపు సంచిని కూడా కప్పే వాన ముసుగు. ఒక్కోటి 600. నలుగురికి 2,400. పక్క దుకాణంలో పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు 50 రూపాయలకే ఉన్నాయి. "ఏప్రిల్‌లో వానేమిటి?" అనుకున్నాను. 200 రూపాయలిచ్చి నాలుగు తీసుకున్నాను.

మొత్తం లెక్క 24,200. 68,000 దగ్గర మొదలైన మాట గుర్తుచేసుకుని ఆ రాత్రి చాలా సంతోషించాను.

ఒక పొరపాటును మాత్రం మావారు మొదటి రోజే పట్టుకున్నారు. ఆయన పాలిస్టర్ టీషర్టు లోపల రోజూ వేసుకునే నూలు బనియనే వేసుకున్నారు. ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉంది. మొదటి మజిలీలో కూర్చోగానే వీపంతా ఐసులా అయింది. పైన ఏం వేసుకున్నా ఒంటికి అంటుకున్నది నూలైతే ప్రయోజనం లేదు. లోదుస్తులూ, లెగ్గింగ్సూ, సాక్సూ కూడా లెక్కలోకి వస్తాయి.

రెండో రోజు మధ్యాహ్నం

రెండో రోజు జుడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర నుంచి బేస్ క్యాంపుకు నడక. దూరం తక్కువ. పొద్దున్న ఆకాశం కడిగినట్టు ఉంది. "ఇవాళ ఒక్కరోజు జీన్స్ వేసుకుంటానమ్మా, ఫొటోలు బాగుంటాయి" అంది అమ్మాయి. జీన్స్ వద్దని జాబితాలో స్పష్టంగా ఉంది. జీన్స్ అంటే మందపాటి నూలు బట్టే కదా అని నాకూ తెలుసు. అయినా సరే అన్నాను.

రెండు గంటలకు మబ్బు కమ్మింది. ముందు వడగళ్లు, తర్వాత వాన, దానితో పాటు గాలి. మా ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు పది నిమిషాలు కూడా ఆగలేదు. అమ్మాయిది ఒక కొమ్మకు తగులుకుని చంక నుంచి కింది దాకా చిరిగిపోయింది. ట్రాక్ ప్యాంట్లు వేసుకున్న మేం ముగ్గురం తడిసినా నడుస్తూనే ఉన్నాం. అమ్మాయి జీన్స్ నీళ్లు తాగి బరువెక్కి కాళ్లకు అతుక్కుపోయింది.

అరగంట తర్వాత తను వెనకబడటం మొదలైంది. చలిగా ఉందా అంటే "ఏం లేదులే" అని విసుక్కుంది. చదునైన చోట కూడా కాలు తడబడుతోంది. సంచి బకిల్ తీయమంటే వేళ్లు పట్టు చిక్కడం లేదు. అలిసిపోయిందనుకున్నాను. మా గైడు, ఆ లోయలోనే పుట్టి పెరిగిన కుర్రాడు, ఒక్క చూపులో గుర్తుపట్టాడు. "అలసట కాదు దీదీ, చలి పట్టేసింది. ముందు తడి బట్టలు మార్చండి" అని దగ్గరలోని టార్పాలిన్ టీ కొట్టులోకి తీసుకెళ్లాడు.

కంబళి అడ్డం పెట్టి తడి బట్టలన్నీ విప్పించాను. సంచి అడుగున చీరల షాపు పాలిథిన్ కవరులో మూటగట్టి పెట్టిన థర్మల్స్, ఫ్లీస్, సాక్స్ పొడిగా ఉన్నాయి. అవి తొడిగి, మంకీ క్యాప్ పెట్టి, కొట్టువాడి కంబళి చుట్టి, పంచదార ఎక్కువ వేసిన వేడి టీ గుక్క గుక్కగా తాగించాం. నేను పక్కన ఆనుకుని కూర్చున్నాను. అంతసేపూ వణుకుతున్న పిల్ల, దాదాపు ముప్పావు గంటకు తలెత్తి "అమ్మా, మ్యాగీ ఉందా?" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి గైడు మాట మీద ఒక నిర్ణయం తీసుకున్నాం. మర్నాడు తెల్లవారుజామున మావారూ, అబ్బాయీ శిఖరానికి బయలుదేరారు. నేనూ అమ్మాయీ బేస్ క్యాంపులో ఉండిపోయాం. మంచు చూడాలన్నది తను. శిఖరం చూడకుండా దిగి వచ్చిందీ తనే. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

24,200 రూపాయల కొనుగోలులో నేను చేసిన తప్పు 2,200 రూపాయలది. మిగతా చవక బట్టల్లో ఒక్కటీ మమ్మల్ని మోసం చేయలేదు. నిజానికి అమ్మాయిని కాపాడింది ఆ 500 రూపాయల ఫ్లీసే. పని చేసే చవక వస్తువుకూ, పని చేయని చవక వస్తువుకూ తేడా చూడకపోవడమే తప్పు.

ఈ గుర్తులు ఇంటిల్లిపాదికీ తెలియాలి

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోవడాన్ని హైపోథర్మియా అంటారు. గడ్డకట్టే చలి అక్కర్లేదు. తడి, గాలి, అలసట కలిస్తే చాలు. ఆపకుండా వణుకు, కారణం లేని చిరాకు, ముద్దగా వచ్చే మాట, వేళ్ల పట్టు తప్పడం, నడక తడబడటం మొదటి గుర్తులు. పట్టిన మనిషి "నాకేం లేదు" అనే అంటారు. వారి మాట కాకుండా వారి చేతులు చూడండి.

వెంటనే గాలి తగలని చోటికి చేర్చాలి. తడి బట్టలు మార్చి, తలతో సహా కప్పాలి. కింద నేల చలి తగలకుండా ఏదైనా పరచాలి. స్పృహ బాగా ఉండి మింగగలిగితేనే వేడిగా, తియ్యగా తాగించాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. మద్యం అసలే వద్దు. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా, మాట తికమకగా ఉన్నా అది ప్రాణాపాయం. వైద్యసహాయానికి ఆలస్యం చేయకూడదు.

మూడు బుట్టలు

రుణం ఇచ్చేటప్పుడు మనం రెండు ప్రశ్నలు వేసుకుంటాం. ఇది మొండిబాకీ అయ్యే అవకాశమెంత? అయితే పోయేదెంత? సామాను కొనేటప్పుడు కూడా ఆ రెండో ప్రశ్న వేసుకోవాలి. ఈ వస్తువు దారిలో విఫలమైతే ఏమవుతుంది?

ఏమీ కాదు, కాస్త ఇబ్బంది మాత్రమే అనుకున్నవి మొదటి బుట్ట. టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు, ఫ్లీస్, టోపీ, మఫ్లర్. వీటిని నిశ్చింతగా చవకగా కొనండి. ఇంట్లో ఉన్న పాత స్పోర్ట్స్ జెర్సీ, నైలాన్ పంజాబీ డ్రెస్సు, చలికాలంలో టిబెటన్ల దుకాణాల్లో కొన్న స్వెట్టరు కూడా లేబుల్ చూసి వాడుకోవచ్చు.

అవసరమే కానీ అరుదుగా వాడేవి రెండో బుట్ట. లావుపాటి జాకెట్, మైక్రోస్పైక్స్, స్లీపింగ్ బ్యాగ్. అద్దెకు తీసుకోండి. తీసుకునేటప్పుడే జిప్పులూ, కుట్లూ చూసుకోండి.

విఫలమైతే నడకే ఆగిపోయేవి, ఆరోగ్యం పోయేవి మూడో బుట్ట. బూట్లు, వాన నుంచి కాపాడే పై పొర, మంచు మీద కళ్లను కాపాడే యూవీ కళ్లద్దాలు. ఇక్కడ బేరమాడండి, నాణ్యత తగ్గించకండి. బూట్లు ప్రయాణానికి మూడు వారాల ముందే కొని రోజూ నడవాలి. మేం ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్న నడకలకు అవే వేసుకున్నాం. నలుగురిలో ఒక్కరికీ పొక్కు లేవలేదు.

వీటితో పాటు దాదాపు ఖర్చు లేని నాలుగో సూత్రం ఒకటుంది. ఒక జత పొడి బట్టలు పాలిథిన్ కవరులో కట్టి, ఏం జరిగినా రాత్రి దాకా విప్పకండి. అత్యవసరమైతే తప్ప.

చవకకు ఉన్న హద్దు

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే బామ్మ ఉండేది. పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, 3,000 కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ ట్రెయిల్ మొత్తం ఒంటరిగా నడిచింది. కాళ్లకు కాన్వాస్ బూట్లు, భుజాన తాను కుట్టుకున్న సంచి, వానకు స్నానాల గది ప్లాస్టిక్ తెర. అయితే అంతకుముందు ఏడాది ఆమె ప్రయత్నించి, దారి తప్పి వెనక్కి వచ్చిందన్న సంగతి మరచిపోకూడదు. రెండోసారి గెలిచింది, తనకు ఏది అవసరమో తెలిసింది కాబట్టి.

రెండో ఉదాహరణ మన దగ్గరిదే. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. తోడుగా ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే. భువనగిరి బండల మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ మీదుగా సాగింది. పేదింటి పిల్లలని వారిని బజారు స్వెట్టర్లతో పంపలేదు. ఆ ఎత్తుకు తగిన సామగ్రి ఇచ్చి పంపారు. ఎత్తు పెరిగేకొద్దీ మొదటి బుట్టలోని వస్తువులు మూడో బుట్టలోకి మారుతుంటాయి. మామూలు కుటుంబాలు వెళ్లే నాలుగైదు రోజుల నడకలకు, గైడు తోడుంటే, ఈ వ్యాసంలోని పద్ధతి సరిపోతుంది. డిసెంబరు, జనవరి మంచులోనైతే అద్దె సామాను పెరుగుతుంది. అంతకు మించిన కొండలకు నిపుణుల మాటే వినాలి.

మొదటి ప్రయత్నం దూరాన చేయనక్కర్లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు పాలిస్టర్ టీషర్టుతో ఒకసారి ఎక్కి చూడండి. పైకి చేరి గాలికి కూర్చున్నప్పుడు వీపు ఎంతసేపట్లో ఆరిందో గమనించండి. డిసెంబరులో లంబసింగి పొగమంచులో తెల్లవారుజామున మీ ఫ్లీసూ, విండ్‌చీటరూ వేసుకుని నిలబడండి. పనికిరాని వస్తువేదో అక్కడే తెలిసిపోతుంది. వెనక్కి రావడానికి బస్సు ఉంటుంది.

మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేసింది. పోయిన వారం భోజనాల దగ్గర మళ్లీ కేదార్‌కంఠ మాట ఎత్తింది. ఈసారి జాబితా తనే రాస్తానంది. రాసి నాకు చూపించింది. ప్రతి వస్తువు పక్కనా ధర కంటే ముందు దాని పని రాసి ఉంది. మొదటి వరుసలో పోంచోలు నాలుగు. వాళ్ల నాన్న పేరు కింద ప్రత్యేకంగా ఒక గమనిక: "బనియన్ వద్దు."